జింజ్‌లో రాసిన ఈజిప్టు

కింద రోడ్డు మళ్లీ తవ్వుతున్నారు. పోయిన ఏడు పైపుల కోసం తవ్వి పూడ్చారు, ఇప్పుడు కేబుళ్ల కోసమట. రెండూ ఒకేసారి వేస్తే వీళ్ల సొమ్మేం పోయేదో నాకు తెలియదు. చప్పుడు భరించవచ్చు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లినప్పుడు పైకొచ్చే ఆ వాసనను మాత్రం నేను తట్టుకోలేను. ఈ బహ్రెయిన్ మట్టిలో సగం సున్నపురాయే. తడిస్తే పాత గోడకు కొత్తగా సున్నం కొట్టినట్టుంటుంది. దానికి తోడు ముందు గదిలో టీవీలో ఎవడో టార్చి పట్టుకుని పిరమిడ్‌లో పరిగెత్తుతున్నాడు. గోరీలో పరిగెత్తేవాణ్ణి నా జన్మలో చూడలేదు. ఈ వాసన, ఆ పరుగు కలిస్తే చాలు, రామ్మూర్తి గారు గుర్తొస్తారు. గుర్తు రాగానే కోపం వస్తుంది. మనిషి పోయి చాలాకాలమైంది, కోపం మాత్రం పోలేదు.

రామ్మూర్తి గారిది కాకినాడ. ఇక్కడ ఒక కంపెనీలో లెక్కలు చూసేవారు. డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి వారపత్రికలకు సీరియళ్లు రాసేవారు. అన్నీ ఈజిప్టు కథలే. ప్రొఫెసర్ మార్తాండ్ అని ఆరడుగుల పురావస్తు పండితుడు, శాపం తగిలిన సమాధులు, వేలు తాకితే పక్కకు జరిగే రాతి తలుపులు, తలుపుల వెనక పాములు, పాముల వెనక బంగారం. అంత రాసిన మనిషి ఈజిప్టును ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని అనుకున్నట్టు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. జగిత్యాల పక్క పల్లె నుంచి దుబాయి పోతున్నానని అందరికీ చెప్పి బహ్రెయిన్‌లో దిగినవాణ్ణి. అక్షరాలు సల్మాబాద్‌లోని కూలీల క్యాంపులో, మంచం మీద, ఎవరో వదిలేసి పోయిన వారపత్రికలు ముందేసుకుని కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా సొంతంగా చదివిన మొదటి కథ మార్తాండ్‌దే. అచ్చులో ఉన్నదంతా నిజమే అనుకున్నాను. అందుకే ఆలి అనే ఊరి దగ్గర పాత సమాధి దిబ్బలు తవ్వడానికి మా కంపెనీ నుంచి మనుషులను పంపుతున్నారని తెలియగానే, ఫోర్‌మ్యాన్‌ను బతిమాలి ఆ బస్సెక్కాను. వేల ఏళ్ల కిందటి గోరీలు. రోడ్డు పడేలోపు తవ్వి చూడాలన్నారు. నేను పాములకూ శాపాలకూ సిద్ధపడి పోయాను. విదేశం నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ నా చేతిలో రంగులు వేసే కుంచె ఒకటి పెట్టి, జానెడు నేల చూపించి, ఊడవమంది. సాయంత్రం దాకా ఊడిచాను. మర్నాడు దాని పక్క జానెడు. తెరిచిన గోరీల్లో చాలావాటిని మా కంటే ముందే, ఏ కాలంలోనో దొంగలు దోచుకుపోయారు. పగిలిన కుండ పెంకులు, మా వైపు బొక్కలనే ఎముకలు, మట్టి. బంగారం మాట అటుంచండి, పాము కూడా లేదు. నన్ను మోసం చేసినవాడు ఎవడా అని ఆలోచిస్తే మార్తాండ్ తేలాడు. మార్తాండ్‌ను రాసినవాడు ఇక్కడే, మనామాలోని జింజ్ పేటలో ఉంటాడని క్యాంపులో ఒకతను చెప్పాడు. సెలవు రోజు, ఆ శుక్రవారమే పోయాను.

తలుపు తీసిన మనిషి పొట్టిగా, లుంగీలో, చేతిలో భూతద్దంతో ఉన్నాడు.

"మీరేనా సార్, ఆ మార్తాండ్ కథ రాసేటిది?"

"నేనే. ఎవరు నాయనా?"

"నా పేరు గంగారాం. గోరీలు తవ్వుతా. మీరు రాసిందంత అబద్ధం సార్."

తలుపు నా మొహాన వేస్తాడనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి లోపలికి కేక వేశాడు. "ఏమేవ్! నన్ను తిట్టడానికి సల్మాబాద్ నుంచి ఒకాయన పనిగట్టుకుని వచ్చాడు. పాపం ఎండలో పడొచ్చాడు, ముందు మజ్జిగ పట్రా!"

మజ్జిగ తాగుతూ తిట్టడం ఎంత కష్టమో తాగినవాడికే తెలుస్తుంది. అయినా తిట్టాను. ఆయన మధ్యమధ్యలో "ఊఁ, తర్వాత?" అంటూ, కథ వింటున్నట్టు విన్నారు. చివరికి అడిగారు: "నీకు రాయడం వచ్చా?" వచ్చన్నాను. అప్పుడు చెప్పారు. షుగరు కళ్లలోకి వచ్చింది. సల్మానియా ఆసుపత్రిలో డాక్టరు ఉన్న చూపును కాపాడుకోమన్నాడు గానీ పోయినది తిరిగి వస్తుందనలేదు. ఉద్యోగం అయిపోయింది, వీసా రద్దవుతుంది, త్వరలో ఊరికి పోవాలి. మార్తాండ్ ఆఖరి సీరియల్ సగంలో ఉంది. భార్య రాసిపెట్టదు; ఆవిడకు సమాధులంటే భయం, ఆ పత్రికలో ఆ పేజీలు వస్తే చదవకుండా తిప్పేసేది.

"ఇది ఇక్కడే పూర్తి కావాలయ్యా. ఇంటికెళ్తే మందులు, చుట్టాలు, అంతే సంగతులు. నా కథ ముగింపు లేకుండా ఆగిపోతే నాకు కళ్లు పోయినదానికంటే ఎక్కువ బాధ" అన్నారు.

నేను ఒప్పుకున్నాను. కనీసం ఇకమీదటైనా తప్పులు పోకుండా చూడవచ్చుననుకున్నాను. ప్రతి శుక్రవారం ఆయన చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. ప్రతి శుక్రవారం పేచీ.

"మార్తాండ్ గునపం ఎత్తి రాతి పలక మీద ఒక్క పోటు పొడిచాడు..." నా కలం ఆగేది. "ఏం, ఆపావేం?"

"గడ్డపార పెడితే ఎట్ల సార్? పలక ఇరిగి లోపల వడ్తది. బొక్కలన్ని నుగ్గయితయి."

"పడనీ. నువ్వు రాయి."

"ముందుగాల ఫొటో దియ్యాలె. ఆనక కొలత వట్టాలె. బొమ్మ గియ్యాలె. గప్పుడు..."

"అంతలో మన పాఠకుడు పక్క పేజీకి పోయి రాశిఫలాలు చదువుకుంటాడయ్యా! నువ్వు రాయడానికొచ్చావా, తవ్వడానికొచ్చావా?"

"ఇన్నేండ్లసంది ఈడ ఉంటున్నరు. ఊరు దాటితె దిబ్బలే కనవడుతయి. ఒక్కనాడన్న దిగి చూసిన్రా మీరు?"

"దిబ్బలో చూడ్డానికి ఏముంటుంది? బహ్రెయిన్ సమాధి రహస్యం అని పేరు పెడితే ఎవడు కొంటాడు? ఈజిప్టు అంటేనే ఒళ్లు జలదరిస్తుంది."

లోపలి నుంచి అమ్మగారు అరిచేవారు: "మీ గోల తగలెయ్య, ఉప్మా చల్లారిపోతోంది!"

ఒకసారి ఆయనకు విసుగు పుట్టి, ఒక అధ్యాయం మొత్తం నువ్వు చెప్పినట్టే రాసుకో పొమ్మన్నారు. నేను రాసుకున్నాను. కుంచె ఎలా పట్టాలి, మట్టి ఏ వైపు నుంచి తీయాలి, జల్లెడ ఎలా ఆడించాలి, అన్నీ. ఆయన ఇంట్లో అప్పుడప్పుడూ నాలుగు తెలుగు కుటుంబాలు కూడేవి. కొత్త అధ్యాయం చదివి వినిపించడం అలవాటు. ఆ వారం నేనే నిలబడి చదివాను. జల్లెడ దగ్గరికి వచ్చేసరికి సోఫాలో ఇంజనీరుగారు గురక పెట్టారు. ఒక పిల్ల లేచి, "అంకుల్, శవం ఎప్పుడు లేస్తుంది?" అని అడిగింది. లేవదమ్మా అన్నాను. ఆ పిల్ల వంటింట్లోకి పోయింది. రామ్మూర్తి గారు నవ్వాపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. నిజం చెప్తే నిద్రపోయే జనానికి ఇంకేం చెప్పాలి? నాకు ఒళ్లు మండిపోయింది.

ఆఖరి అధ్యాయం దగ్గర తెగేదాకా వచ్చింది. మార్తాండ్ రాజుగారి సమాధి తలుపును గునపంతో పగలగొట్టి లోపలికి పోవాలి. నేను రాయనన్నాను.

"రాయవా?"

"రాయ."

"చూపున్నప్పుడు ఇంత అహంకారం నాక్కూడా లేదయ్యా" అన్నారాయన. గొంతులో హాస్యం లేదు. ప్రయాణానికి వారం కూడా లేదు. ఆ మనిషి ముఖం చూస్తే మొండికేసి వెళ్లిపోవడానికి నాకు కాళ్లు రాలేదు. పాత తగువే మళ్లీ ఎత్తాను: ఒక్కసారి నాతో వచ్చి దిబ్బను చూడండి, ఆ తర్వాత మీరేం చెప్తే అది రాస్తాను. మర్నాడు పొద్దున్నే క్యాంపు భాయ్ ఒకతని పికప్‌లో ఆలి వైపు తీసుకుపోయాను. మేం తవ్వి వదిలేసిన దిబ్బ ఒకటి రోడ్డు పక్కనే ఉంది. చేయి పట్టుకుని దింపి, రాతి అర అంచున కూర్చోబెట్టాను. ఆయన లోపలికి చేయి చాచి, రాయి వెంట అరచేతిని మెల్లగా పోనిచ్చారు.

"చల్లగా ఉంది. ఖాళీయేనా?"

"ఖాళీయే."

"నువ్వు తవ్వినవాటిల్లో ఒక్కదాంట్లో కూడా ఏమీ దొరకలేదా?"

"దొరికింది ఒకపాలి. పెద్ద గోరీ పక్కన ఇంత చిన్న గోరీ. పసిబిడ్డ. తల్లి కడుపుల ఉన్నట్టే మోకాళ్లు ముడిచి పండవెట్టిన్రు. చేతి బొక్కలకాడ చిన్న ఆల్చిప్ప ఉండె."

"అప్పుడు మీరంతా ఏం చేశారు?"

"ఏం జెయ్యలే. ప్రొఫెసరమ్మ కొలతటేపు కింద వెట్టి కూసున్నది. పొద్దుందాక యల్లా యల్లా అని తరిమేటి ఫోర్‌మ్యాన్ సుత నోరు మూసుకున్నడు."

"నీకేమనిపించింది?"

"ఇంటికాడ నాకు బిడ్డ పుట్టింది సార్ అప్పుడు. అప్పటికి దాని మొఖం చూడలే. ఆడుకోనీకి ఆల్చిప్ప ఇచ్చి పండవెట్టిన తండ్రి ఎవడో అనిపించింది."

ఆయన ఒక్కసారిగా నా భుజం మీద చరిచారు. "ఓరి నీ దుంప తెగ! ఇన్ని వారాల నుంచీ కుంచె, జల్లెడ, కొలత అని నా ప్రాణం తోడేశావు. ఇది కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?"

"మీరు అడగలే."

"అడగాలా? నా ఇంటికొచ్చి నేను రాసిందంతా అబద్ధమన్నావే, ఇది కదా చెప్పాల్సింది!"

ఆ మాట మొదటి రోజే నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు, అదే నా కోపం.

ఇంటికి పోగానే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. మార్తాండ్ తలుపు పగలగొట్టే లోపలికి పోయాడు; ఆ ఒక్క విషయంలో ఆయన దిగిరాలేదు, నేను పళ్లు కొరుక్కుంటూ రాశాను. లోపల బంగారం లేదు. రాజుగారి పక్కన చిన్న సమాధి, అందులో పాప, పాప చేతిలో ఆల్చిప్ప. మార్తాండ్ అక్కడ కూర్చున్నాడు, అంతే. అందరికీ చదివి వినిపిస్తే ఆ రోజు గురక వినపడలేదు. శవం ఎప్పుడు లేస్తుందన్న పిల్ల తన తల్లి ఒళ్లోకి జరిగింది. రెండు రోజులకు ఆయన వెళ్లిపోయారు.

కథ అచ్చయిన పత్రిక మనామాలో దుకాణానికి ఆలస్యంగా వచ్చింది. తెరిచి చూద్దును కదా, పేజీ నిండా బొమ్మ: బంగారు ముసుగు వేసుకున్న శవం రెండు చేతులూ చాచి లేస్తోంది, మార్తాండ్ టార్చి పట్టుకుని పరిగెత్తుతున్నాడు. బొమ్మ వేసినవాడు కథ చదవలేదు. వేయించినవాడూ చదవలేదు. ఆ పత్రికను చింపేద్దామన్నంత మంట పుట్టింది. ఆ వారంలోనే కాకినాడ నుంచి ఫోను.

"గంగారాం, పత్రిక వచ్చిందిటగా. బొమ్మ ఎలా వేశారయ్యా? మా ఆవిడ బావుందంటోంది. ఆవిడ ఆ పేజీ తిప్పి చూడలేదని నాకు తెలుసు. నువ్వయితే ఉన్నదున్నట్టు చెప్తావు."

పత్రిక నా ముందే ఉంది. "పాపను వేసిన్రు సార్" అన్నాను. "మోకాళ్లు ముడిచి పండుకున్నది."

"ఆల్చిప్ప?"

"చేతిలనే ఉన్నది."

"చేయి మూసుకుని ఉందా, తెరిచి ఉందా?"

"సగం మూసుకుని సార్. ఆల్చిప్ప కింద పడకుంట."

"మంచివాళ్లు" అన్నారు. అంతకు మించి ఏమీ అనకుండా ఫోను పెట్టేశారు.

ఆ తర్వాత ఆయనకు నిజం ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు. నన్ను అడిగితే ఈ రోజు కూడా ఆ మాటే చెప్తాను. ఇక్కడ కూతురి ఇంట్లో నా మనవరాలు మధ్యాహ్నం పూట నా పక్కనే పడుకుంటుంది. పిల్ల నిద్రలోకి జారగానే, ఎందుకో, ముందు దాని చేతివేళ్లు చూస్తాను. సగం మూసుకునే ఉంటాయి.