ఫోను బస్సెక్కిన ఆదివారం

ధన్‌సింగ్ పరుగెత్తుతాడని ఎల్లారెడ్డి రోడ్డు మీద అందరికీ తెలుసు. ఎందుకు పరుగెత్తుతాడో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే ధన్‌సింగ్‌కే తెలియదు. పోచారం దగ్గర అటవీశాఖ నర్సరీలో పగలంతా మొక్కలకు నీళ్లు మోసే మనిషి, తెల్లవారుజామునే లేచి ఎవరూ తరమకుండా పది కిలోమీటర్లు ఉరికి రావడమేమిటి? మొదట్లో ఎదురైన ప్రతివాడూ గాబరాగా ఆపి "ఎవరికేమైంది?" అని అడిగేవాడు. ఎవరికీ ఏమీ కాలేదంటే నమ్మేవాడు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ అడగడం మానేశారు. భార్య లాలి ఒక్కతే మానలేదు.

"ఎడ్లను గూడ అమాస నాడు కట్టరు. నీ కాళ్లకు అమాస లేదా?" అనేది.

ఒకే ఒక్కసారి అతని పరుగుకు కారణం ఉండింది. పందొమ్మిదేళ్ల కిందట అక్క గంగకు కామారెడ్డి ఆస్పత్రిలో కాన్పు కష్టమైందని కబురొచ్చింది. ఆ రోజు బస్సులు బందు. తల్లి కట్టిచ్చిన పాత చీరల మూట భుజాన వేసుకుని ధన్‌సింగ్ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా, నలభై కిలోమీటర్లు, ఉరికాడు. తీరా చేరేసరికి పిల్ల పుట్టింది, ఏడ్చింది, పడుకుంది కూడా. ఆ పిల్లే భూమిక. "నిన్ను చూడనీకి ఉరికొచ్చిన బిడ్డా" అని మేనమామ చెబితే విని విని పెరిగింది. హాస్టల్లో స్నేహితురాళ్లకు ఈ కథ చెప్పకుండా ఆ పిల్లకు ఒక్క వారం గడిచేది కాదు.

2013లో భూమిక కామారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్లు. ఆ ఎండాకాలం వాళ్ల నాన్న గోవింద్ దుబాయ్ నుంచి వస్తూ తెచ్చిన రెండు పెద్ద ఫోన్లలో ఒకటి బామ్మర్దికిచ్చాడు. భూమిక అందులో ఏదో నొక్కి, ధన్‌సింగ్ ఫోటో తీసి, పేరు రాసి, చేతికిచ్చింది.

"మామా, ఉరికే ముంగట ఈ పచ్చ బొత్తాం ఒత్తు. అయిపోయినంక ఎర్రది. ఎంత దూరం ఉరికినవో, ఎంత సేపట్ల ఉరికినవో అదే రాసుకుంటది. నెట్టుల అందరికి కనిపిస్తది."

"దానికెట్ల ఎరుక?"

"పైనుంచి చూస్తది."

"మబ్బు పడితే?"

"మబ్బులున్నా చూస్తది మామా."

ధన్‌సింగ్ ఆకాశం వైపు చూశాడు. నమ్మలేదు, కాదనలేదు. అయితే మర్నాడు ఉరికి వచ్చి చూస్తే తండా నుంచి చెరువు దాకా, చెరువు నుంచి వెనక్కి, అతను పోయిన దారంతా తెర మీద ఎర్ర గీతగా ఉంది. కుక్క వెంటబడితే పక్క చేనులోకి మళ్లిన వంకర కూడా ఉంది. ఆ గీత వెంట వేలు పెట్టి మళ్లీ ఇంటి దాకా వచ్చాడు. ఇన్నేళ్లుగా తన పరుగును చూసింది లాలి ఒక్కతే, అదీ విసుక్కుంటూ.

ఆ గీత కింద బొటనవేళ్ల బొమ్మలు మొలవడం మొదలయ్యాయి. పుణె నుంచి ఒకాయన, బెంగుళూరు నుంచి ఇద్దరు, హైదరాబాద్ నుంచి ఒక డాక్టరమ్మ. ధన్‌సింగ్‌కు తెలిసి బొటనవేలంటే వేలిముద్రే. తండాలో పంచాయితీ జరిగితే, ఈ మాట నిజమని ఒప్పుకున్నవాడు కాగితం మీద వేలు అద్దుతాడు. అద్దినవాడు సచ్చినా మాట మార్చడు.

"పుణె ఆయన ఇయ్యాల గూడ నాకు సాక్షి పడ్డడు" అని లాలికి చూపించేవాడు.

"గాయన నిన్నెన్నడు చూసిండు?" అని లాలి అడిగేది. నిజమే, ఎప్పుడు చూశాడు? అయినా ఆ వేళ్లను రోజూ లెక్కపెట్టుకునేవాడు.

వానాకాలంలో భూమిక ఇంకో వార్త తెచ్చింది. చలికాలంలో హైదరాబాద్‌లో నలభై రెండు కిలోమీటర్ల పరుగుందట, వేలమంది వస్తారట. ఆగస్టు నెలాఖరులోగా ముప్పై కిలోమీటర్లకు తగ్గని పరుగు ఒకటి ఈ నెట్టులో చూపిస్తే చాలు, పేరెక్కించుకుంటారట. ధన్‌సింగ్‌కు పతకాల మీద మోజు లేదు. ఆ వేలమందిని చూడాలి. ఎవరూ తరమకుండా ఉరికేవాళ్లు అంతమంది ఒక్కచోట! వాళ్లలో కాస్త పెద్దమనిషిలా కనిపించినవాణ్ణి పక్కకు పిలిచి, "అన్నా, మనమెందుకు ఉరుకుతం?" అని అడగాలి. ఇన్నేళ్లుగా తను చెప్పలేని జవాబు అక్కడ ఎవరో ఒకరి దగ్గర ఉండకపోదు. రాత్రింబవళ్లు అదే ధ్యాస పట్టుకుంది.

ఆగస్టు ఆఖరి ఆదివారం పచ్చ బొత్తాం ఒత్తి ఎల్లారెడ్డిలో బయలుదేరాడు. లింగంపేట చేరేసరికి వాన దంచడం మొదలైంది. తను తడవడం కొత్త కాదు, ఫోను తడిస్తే ఎట్లా? అంతలో వెనక నుంచి కామారెడ్డి బస్సు వచ్చి ఆగింది. ఆ దారిలో చదువుకునే పిల్లలకు సద్దిగిన్నెలు పంపాలన్నా, అత్తగారింటికి పచ్చడి పంపాలన్నా బస్సుకే ఇస్తారు. కామారెడ్డి బస్టాండులో పండ్లమ్మే శాంతవ్వ బుట్ట పక్కన దింపిపోతే, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ధన్‌సింగ్ మెట్టెక్కి, తలగుడ్డలో ఫోను చుట్టి, తెలిసిన కండక్టరు హన్మండ్లు చేతిలో పెట్టి దిగాడు.

తప్పు చేస్తున్నానన్న అనుమానం అతనికి రవ్వంత కూడా కలగలేదు. రేషన్ కార్డు ఎవరు పట్టుకుపోయినా బియ్యం కార్డులో పేరున్నవాడివే కదా. ఫోనులో ఉన్నది తన పేరు, తన ఫోటో. చూసేది పైనున్నది. అది తనను చూస్తుంది గాని, తలగుడ్డలో మూటగట్టిన ఫోనును చూస్తుందా?

హన్మండ్లు మంచివాడు. కామారెడ్డిలో దింపబోతూ చూస్తే ఫోను ఇంకా మెరుస్తోంది. కరెంటు దండుగవుతుందని ఎర్ర బొత్తాం ఒత్తి మరీ శాంతవ్వకిచ్చాడు. మూడు గంటల తరవాత ధన్‌సింగ్ బొబ్బలెక్కిన కాళ్లతో బస్టాండు చేరి, రెండు అరటిపండ్లు తిని, ఫోను తీసుకుని ఇంటి బస్సెక్కాడు. జీవితంలో రెండోసారి నలభై కిలోమీటర్లు ఉరికినందుకు దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఆ వారం దేశంలో అందరికంటే ముందున్న పేరు ధన్‌సింగ్‌ది. రెండు గంటల పది నిమిషాలు! సోమవారం వేళ్లు కుప్పలుగా పడ్డాయి. మంగళవారం ప్రశ్నలు పడ్డాయి. బుధవారానికి నవ్వులు. లింగంపేట దాటాక ఈ మనిషికి చక్రాలు మొలిచాయా అని ఒకడు రాశాడు. 'బస్ సింగ్' అని పేరు పెట్టినవాడు పుణె ఆయనే. గురువారం పొద్దున తెరిచి చూస్తే ధన్‌సింగ్ పేరే లేదు. ఆ ఒక్క పరుగే కాదు, చెరువు దాకా ఉరికిన పొద్దులు, కుక్క వంకర, వేళ్లు, అన్నీ పోయాయి.

శనివారం తండాకొచ్చిన భూమికను పట్టుకుని అడిగాడు.

"ఏసిన వేలిముద్ర ఎట్ల తీస్తరు బిడ్డా? ఉరికిన ఉరుకుడు ఎట్ల పోతది? ఆ నెట్టు ఆఫీసు ఏడున్నది చెప్పు, నేనే పోయి మాట్లాడత. శాంతవ్వను తీస్కపోత, హన్మండ్లును తీస్కపోత."

"దానికి ఆఫీసు గీఫీసు ఉండది మామా. మోసం చేసినవని తీసేసిన్రు."

"నేనేం మోసం చేసిన? వాన పడుతుంటే ఫోను బస్సుకిచ్చిన, అంతే."

భూమిక ముఖం పక్కకు తిప్పుకుంది. కాలేజీలో అందరికీ చూపించి గొప్పలు చెప్పుకున్నది తనే, తలదించుకున్నదీ తనే. ఆపైన లాలి తమ్ముడు దేవీసింగ్ ఆ ఆదివారం లింగంపేట హోటల్లో చాయ్ తాగుతూ ధన్‌సింగ్ బస్సెక్కడం కళ్లారా చూశానని తండా అంతా చెప్పాడు. ఎక్కడం చూశాడు, దిగడం చూడలేదు.

"మామా, నిజం చెప్పు. ఫోనొక్కటే పోయిందా, నువ్వు గూడ పోయినవా?"

ధన్‌సింగ్ తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకోసాగాడు.

"అయితే నేను పుట్టిననాడు గూడ ఏదో బండెక్కే వచ్చినవా?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి. అతనికి కోపం రావాల్సింది, రాలేదు. అయోమయం వచ్చింది. ఆ రాత్రి నుంచి అతను తన జ్ఞాపకాన్నే నమ్మలేకపోయాడు. భూమిక పుట్టిననాడు దారిలో తాడ్వాయి దగ్గర ఒక లారీ ఆగిన మాట వాస్తవం. డ్రైవరు ఎక్కమన్నాడు. తను ఎక్కలేదు. ఎక్కలేదా? మూట బరువు గుర్తుంది, దాహం గుర్తుంది, లారీ తలుపు నీలం రంగు గుర్తుంది. ఎక్కకపోతే తలుపు రంగు ఎందుకు గుర్తుంది? పైనున్నది అప్పుడు కూడా చూసే ఉంటుంది, దాన్నే అడగాలనిపించింది. ఎవర్ని, ఎక్కడ అడగాలో తెలియలేదు. నెలాఖరు దాటిపోయింది. హైదరాబాద్ పరుగు వాళ్లకు ఇప్పుడు అతనెవరో తెలియదు, తెలిసినంతలో దొంగ.

మూడు వారాలు నర్సరీ పనికి తప్ప ఇంట్లోంచి కదల్లేదు. "కాళ్లకు అమాస దొరికింది" అని లాలి మొదట సంతోషపడింది, తరవాత బెంగపడింది. నాలుగో ఆదివారం తనే లేపి, "పో, ఉరుకు పో. గిట్ల కూసుంటే నాకే భయమైతుంది" అని బయటికి తోసింది.

చేతిలో ఫోను లేదు. ఇక పనికి రాదని గూట్లో పడేసిన దాన్ని ముందురోజు భూమిక వచ్చి తీసుకుపోయిందని లాలి చెప్పింది. ఎందుకో చెప్పలేదట. ధన్‌సింగ్ ఖాళీ చేతులతో కామారెడ్డి దారి పట్టాడు. ఈసారి ఎంత దూరమో ఎవరికీ లెక్క అక్కర్లేదు గనక, వెనక్కి తిరగాలని కూడా తోచలేదు. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ఆగి, తను నిజంగా ఇక్కడున్నాడా అని చేత్తో తాకి చూసుకున్నాడు. చూసేవాళ్లు పిచ్చి ముదిరిందనుకుని ఉంటారు.

లింగంపేట దాటాక వెనక బస్సు హారను మోగింది. పక్కకు జరిగాడు. బస్సు దాటిపోకుండా అతని పక్కనే మెల్లగా నడిచింది. కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ భూమిక, చేతిలో ఆ ఫోను.

"మామా! నా పేరు మీద కొత్తది తెరిచిన. పొద్దుగాల ఎల్లారెడ్డిల పచ్చ బొత్తాం ఒత్తి బస్సుల కూసున్న. ఇది నేనే ఉరుకుతున్న అంటుంది మామా! గంటకు యాభై!"

బస్సులో అందరూ గొల్లుమన్నారు. మెట్టు మీద నిలబడ్డ హన్మండ్లు "ఆయన దిగిండమ్మా, నేను చూసిన, దిగిండు" అని అరుస్తున్నాడు. భూమిక మాత్రం నవ్వడం లేదు.

"అది నిన్ను చూడలే మామా. దానికి నువ్వు కనిపించవు, ఫోనే కనిపిస్తది. నువ్వు ఉరికినవ్. నేను పుట్టిననాడు గూడ ఉరికినవ్."

ధన్‌సింగ్ బస్సు వెంటే ఉరికాడు. బస్సు వేగం అందుకుంది. పోతూ పోతూ భూమిక కిటికీలోంచి చేయి చాపి బొటనవేలు చూపించింది. ఈ సాక్షి అబద్ధమాడదని అతనికి తెలుసు, ఎందుకంటే ముందు అనుమానించిందీ ఈ పిల్లే. కళ్లలో నీళ్లు, చెమట కలిసిపోయి రోడ్డు సరిగా కనబడలేదు.

తనెందుకు ఉరుకుతాడో అతనికి ఇప్పటికీ తెలియదు. తాడ్వాయి దగ్గర లారీ తలుపు నీలం రంగుదే, అతను మాత్రం ఎక్కలేదు.