జల్లెడను తుడిచింది నేనే

ఏడేళ్లుగా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు బతుకుతున్నాను. మింగలేను, కక్కలేను. ఇంట్లో చెబితే నా భార్య నన్ను గడప తొక్కనివ్వదు. గల్లీలో చెబితే గ్యారేజీ మూసుకోవాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను. చదివి ఓదార్చడానికి మాత్రం చూడకండి, నాకు చిరాకు.

ముంబై కామాటిపురాలో, ఫోరస్ రోడ్డుకు ఆనుకున్న గల్లీలో కార్లు బాగుచేసే చిన్న గ్యారేజీ నాది. మేముండే చాల్‌లోనే, ఆ ఒంటిగది ఇళ్ల బిల్డింగులోనే, పై అంతస్తులో నర్సన్న ఉంటాడు. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు బిల్డింగుల మీద ఇటుకలు మోసిన మనిషి. ఆ తట్ట దించి, ఒక పాత కారు కొని కిరాయికి తిప్పుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఆయన ముఖం చూడాలి!

ఆ కారు ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. వెనక నుంచి నీలం పొగ. పిస్టన్ రింగుల్లో మడ్డి గట్టిపడింది. నేను ఎస్టర్ అనే రసాయనం కలిసిన ఒక సీసా మందు తెప్పించి పోశాను. దాన్ని ఇంజిన్ ఆయిల్‌లో కలిపి బండిని మామూలుగా తిప్పాలి. మడ్డిని అది కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. తొందరపెట్టకూడదు. ఈ మాట నర్సన్నకు నేనే చెప్పాను. ఓపిక పట్టమని నేనే చెప్పాను. వింటున్నారా?

కానీ మా గల్లీకి ఒక పిచ్చి ఉంది. ఇంజిన్ కడిగారంటే కింద పెట్టిన పళ్లెంలోకి నల్లటి నూనె దిగాలి, బండి ఓనరు దగ్గరుండి చూడాలి, నలుగురూ మూగి "క్యా మాల్ నికలా", ఎంత మడ్డి దిగిందో అనాలి. మా నాన్న కాలం నుంచీ ఇంతే. ఆయన డీజిల్ పోసి కడిగేవాడు. నలుపు కనబడకపోతే మేస్త్రి పని చేయనట్టే లెక్క. నర్సన్న రోజూ పొద్దున్నే వచ్చి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, రుమాలుకు తుడిచి నా ముక్కు కింద పెట్టేవాడు. ఏం తేడా లేదనేవాడు. అబ్బబ్బ, ఒక మనిషికి ఎన్నిసార్లు చెప్పాలి? తొమ్మిదో రోజున చాయ్ బండి దగ్గర నలుగురిలో నన్ను చూపించి నవ్వుతూ అన్నాడు, తమ్ముడు సీసాలో నీళ్లు పోసినట్టున్నాడని. వేళాకోళమే. వేళాకోళమేనని నాకూ తెలుసు. అయినా అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన చాయ్ తాగుతుండగానే, ఎవరూ చూడకుండా, డబ్బాలో ఉన్న డీజిల్ ఇంజిన్‌లో పోసి స్టార్ట్ చేశాను. అప్పటికే మందుతో మెత్తబడిన మడ్డి అది. నిదానంగా కరగాల్సింది ఒక్కసారిగా పెళ్లలు పెళ్లలుగా ఊడింది. బోల్టు విప్పితే తారులా దిగింది. గల్లీ అంతా వాహ్ వాహ్. నర్సన్న నా భుజం తట్టాడు. అప్పుడు కింది చాంబర్ విప్పి, నూనె పీల్చే జల్లెడకు పెళ్లలు అడ్డం పడ్డాయేమో చూడాలి. నాకు తెలియదా? తెలుసు. విప్పలేదు. బద్ధకమా, పొగరా? విప్పితే ఆ నలుపు మందు వల్ల వచ్చింది కాదని బయటపడుతుందని భయమా? కొత్త ఆయిల్ పోసి పంపించేశాను.

మూడో రోజు ఫ్లైఓవర్ మీద ఇంజిన్ పట్టేసింది. తాడు కట్టి లాక్కొచ్చారు. బండిలో ఉన్నవాళ్లకు వేరే కారు చూసి పంపి నర్సన్న వచ్చేలోపు నేను చాంబర్ విప్పాను. జల్లెడ నిండా నల్లటి పెళ్లలు. నూనె పైకెక్కే దారే లేదు. గుడ్డ తీసుకుని తుడిచేశాను. తళతళలాడేదాకా తుడిచాను. అప్పుడే ఆయన వచ్చాడు.

"ఆయిల్ లైట్ వెల్గిందా లేదా అన్నా?"

"వెల్గింది తమ్మీ. బ్రిడ్జి మీద యాడ ఆపాలె? ఎన్కకెళ్లి అందరు హారన్లు. కిందికి దిగుదామని నడిపిన."

"గదే. లైట్ వెల్గినంక నడిపితే ఉంటదా? నువ్వే సంపుకున్నవ్."

ఆయన రుమాలు తీసి బానెట్ తుడిచాడు.

"ఔ. నా గల్తే తమ్మీ. నువ్వు జెప్పిన మాట ఎన్నడన్న ఇన్ననా నేను?"

కారు తుక్కుకు పోయింది. యాభై దాటిన మనిషి మళ్లీ నాకా మీద, కూలీలు పని కోసం ఎదురుచూసే కూడలిలో నిలబడ్డాడు. మళ్లీ తట్ట ఎత్తాడు. సాయంత్రం చాల్ మెట్లెక్కుతూ సరిగ్గా మా గుమ్మం ముందే ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఇంకెక్కడా చోటు దొరకదా ఈయనకు?

పోనీ తిట్టాడా? తిడితే బాగుండేది. కనబడ్డ ప్రతి డ్రైవరుకూ చెబుతాడు, మేస్త్రి మాట వినండి, నేను వినక చెడ్డానని. నా గిరాకీలో సగం ఆయన పంపిందే. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మంట అని మీరు అడగకండి. తేలు కుట్టిన దొంగ ఎవరి మీద అరుస్తాడు?

పోయిన నెల వర్లీలో ఉండే అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అల్లుడి కారుకూ అదే నీలం పొగ. నర్సన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ సీసల మందే పొయ్ తమ్మీ. ఈసారి నేను అడ్గ. ఓపిక పడ్త."

పోశాను. ఆయన నిజంగానే అడగలేదు. రోజూ నాకాకు పోతూ గ్యారేజీ ముందు ఆగుతాడు. ఏదో అడగబోయి, నోటి మీద చేయి వేసుకుని, నవ్వి వెళ్లిపోతాడు. మొన్నటితో పొగ తగ్గింది. నువ్వు అప్పుడే సరిగ్గా చెప్పావని అల్లుడి ముందు నన్ను మెచ్చుకున్నాడు.

నర్సన్నా, లైటు కాదు. నీ తొందర కాదు. నేను. డీజిల్ పోసింది నేను, జల్లెడను తుడిచింది నేను.

ఏడేళ్లలో ఈ మాట బయటికి రావడం ఇదే మొదలు. కాగితం మీదికైనా వచ్చింది, గొంతు కొంచెం తెరుచుకుంది. ఆయన ముందు అనగలనా? ఏమో. సాయంత్రమైంది. మెట్ల మీద అడుగుల చప్పుడు మా గుమ్మం ముందు ఆగింది.