కుప్పంలో రైలు దిగిన సముద్రం చేపలు

మా ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. మదనపల్లెకు సముద్రం లేకపోవడం ఆయన లెక్కలో దేవుడు చేసిన చిన్న పొరపాటు. ఎనభైల మొదట్లో ఆ పొరపాటు దిద్దడానికి స్వయంగా పూనుకున్నారు. ఫార్మలిన్ సీసాల్లో పాలిపోయిన చేపలను చూసి చూసి పిల్లలకు చదువు మీద విరక్తి పుడుతోందట. ఈదే చేపను ఒక్కదాన్ని చూపిస్తే చాలు, ఊరంతా శాస్త్రవేత్తలైపోతారట. కాలేజీవాళ్ళు చోటు లేదని తెలివిగా తప్పుకున్నారు. దాంతో మా ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క సోఫా పెరట్లోకి పోయింది, ఆ చోట్లోకి ఇనుప ఫ్రేము బిగించిన గాజుతొట్టి వచ్చింది. మద్రాసు సముద్రపు నీళ్ళు క్యాన్లలో రైలెక్కి, కుప్పంలో దిగి, బస్సు టాపు మీద పుంగనూరు మీదుగా మా ఇంటికొచ్చాయి. "ఏమప్పా సారూ, కిరసనాయిలా?" అని కండక్టరు అడిగితే "సముద్రం" అన్నారట. ఆ కండక్టరు దారిపొడుగునా మళ్ళీ ఏమీ అడగలేదట.

నిజానికి సముద్రం పక్కనుంచి తెచ్చిన ప్రాణి ఒకటి ఆ ఇంట్లో అప్పటికే ఉంది. అది నేనే. మాది చినగంజాం. మా నాన్న ఉప్పుమళ్ళ దగ్గర గుమస్తా. అప్పటికి పెళ్ళయి ఏడాదిన్నర. కొత్తకోడలిగా బస్సు దిగిన పూటే పుంగనూరులో మా అత్తగారు తాటికాయంత రాగిసంగటి ముద్ద పళ్ళెంలో పెట్టి, "నమలగూడదమ్మా, మింగల్ల" అన్నారు. నేను నమిలాను. ఆ వార్త నిమ్మనపల్లె చుట్టాల దాకా పాకింది. నేను "ఏవండీ" అంటే నవ్వు, "వస్తున్నాను" అంటే నవ్వు. మదనపల్లెలో కాపురం పెట్టాక నాకు నీళ్ళు పడలేదు. జుట్టు పిడికిళ్ళకొద్దీ రాలింది, కడుపు ఏ రోజూ నా మాట వినలేదు. ఎవరికి చెప్పుకున్నా ఒకటే మందు: "అలవాటవతాదిలేమ్మా." మా ఆయనైతే పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా అదే మందు రాసిచ్చేవారు.

అందుకని చేపలు వచ్చే వారం నేను నా రేకుపెట్టె సర్దుకుని మంచం కింద పెట్టాను. ఆదివారం బస్సుకు పుట్టింటికి పోదామని, మళ్ళీ రాకూడదని. పెట్టె నాలుగు రోజులు అక్కడే ఉంది. నీళ్ళలో కంటికి కనపడని పురుగులను కూడా పట్టుకోగలిగిన మహానుభావుడికి మంచం కింది పెట్టె మాత్రం కనపడలేదు.

చేపలొచ్చిన రోజు ఆయన కుప్పం స్టేషన్లో పార్సెలు విడిపించుకుని బస్సెక్కారు. నేరుగా వస్తే మనిషి ఎలా అవుతారు? పుంగనూరులో తల్లి ఉంది. ఇంటి ముందునుంచి పోతూ తినకుండా పోతే ఆ తల్లికి ఎంత అవమానం! ఆ పూట వంటలో ఏ లోటూ జరగలేదు. గంటన్నరసేపు చేపలు ఆవిడ మంచం కింద చెమటలు కక్కాయి. తర్వాత కొడుకుతోపాటు ఆవిడ కూడా బయలుదేరింది, సముద్రం చేపలంటే ఎట్టుంటాయో సూడాలని.

థర్మోకోలు పెట్టె విప్పితే ఆరు పాలిథీన్ సంచులు. ఒక్కోదాంట్లో కాసిని నీళ్ళు, మిగతాది గాలి, మధ్యలో వేలెడంత చేప. నారింజ రంగు మీద తెల్లపట్టీలవి రెండు, నీలంవి నాలుగు. నీలంలో ఒకటి అప్పటికే వెల్లకిలా పడి ఉంది. "పుంగనూరు భోజనం," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సంచులను అరగంట తొట్టిలో తేలేసి, ఆ తర్వాత ఆయన నాకు ఒక కాగితం ఇచ్చారు. అందులో పదకొండు సూచనలు. వచ్చిన నీళ్ళతో సహా చేపలను బకెట్టులో పోయాలి. తొట్టి నీళ్ళను సెలైన్ ట్యూబుతో చుక్కచుక్కగా బకెట్టులోకి వదలాలి. బకెట్టు నిండుతుంటే సగం పారబోసి మళ్ళీ మొదలెట్టాలి. వెలుతురు పడకూడదు, చప్పుడు కాకూడదు. మూడు గంటలకు తక్కువైతే ప్రాణం పోతుంది.

"తొందరపడొద్దు," అన్నారు గొంతు తగ్గించి. "కొత్తనీళ్ళు ఒక్కసారే మీద పడితే తట్టుకోలేవు, పాపం."

పాపం! ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. రెండు గంటలకు కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష ఉందని, ఉప్పు కొలిచే గాజుగొట్టం కూడా కాలేజీదేనని, దాన్ని పట్టుకుని ఆయన వెళ్ళిపోయారు. నేను బకెట్టు ముందు పీట వేసుకుని కూర్చుని మనసులో ఒక పందెం కట్టాను. ఈ అయిదింట్లో ఒక్కటైనా బతికి తొట్టిలో ఈదితే నేనూ ఈ ఊళ్ళో ఉంటాను. లేదంటే ఆదివారం బస్సే.

మా అత్తగారు ట్యూబులోంచి పడే చుక్కలను కాసేపు చూసింది. "ఇదేమి బ్రహ్మవిద్య? సంతలో ఆవును కొంటే పాత ఇంటి గడ్డి నాలుగు రోజులు కలిపి పెట్టమా? అట్లే గదా."

"అవునండీ," అన్నాను. "ఆవుకు చేస్తారు, చేపకు చేస్తారు. కోడలికి చెయ్యాలనే ఎవరికీ గుర్తు రాలేదు."

ఈలోగా వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చింది. చప్పుడు కాకూడదన్న సూచన ఎన్నోదో కాగితంలో వెతికే లోపలే గదిలో పదిమంది. పాలామె వంగి చూసి, "కూరకు బాగుంటాయామ్మా?" అంది. "ఏలెడు గూడా ల్యావు, కూరకేం సాలతాయి?" అంది ఇంకొకామె. ఒకటే నవ్వులు. వాళ్ళను పంపించేసరికి గంట గడిచింది. నీలంది ఒకటి బకెట్టు అడుగున పడి ఎగరొప్పుతోంది.

"సూస్తివా! ఇంతమంది కండ్లు పడితే బతుకుతాయా?" అని మా అత్తగారు వంటింట్లోకి పోయింది. నేను చేపనే చూస్తున్నాను. ఆవిడ గుప్పెడు కళ్ళుప్పుతో వచ్చి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పాలదాని దిష్టి" అంటూ బకెట్టు చుట్టూ మూడుసార్లు తిప్పింది. దిష్టి తీసిన ఉప్పును నీళ్ళలో కలపాలి, అది కరిగినట్టు దిష్టి కరగాలి. మా ఊళ్ళోనూ అంతే. ఆవిడకు దగ్గర్లో కనపడిన నీళ్ళు ఏవి? బకెట్టులోవి. గుప్పెడూ అందులోనే వదిలేసింది.

"అయ్యో అత్తయ్యా!"

"యాల అరుస్తావు? ఉప్పునీళ్ళ చేపలే గదా, ఇంకా మేలు!"

చేపలు పిచ్చెత్తినట్టు కొట్టుకున్నాయి. మంచి వేళ కాబట్టి అది కళ్ళుప్పు. మెత్తనిదైతే అప్పుడే కరిగిపోయేది. బకెట్టులో మోచేతిదాకా చెయ్యి పెట్టి గడ్డలను ఏరి బయట పారేశాను. సగం నీళ్ళు తోడేశాను. ఇంక ఎంత ఉప్పు మిగిలిందో కొలుద్దామంటే కొలిచే గొట్టం కాలేజీలో పరీక్ష రాస్తోంది. మా నాన్న ఉప్పుమడిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, "ఇంకా రెండు రోజులు ఎండాలి" అని చెప్పడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో! తొట్టి నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మాను. బకెట్టువి ఒక గుక్క. బకెట్టువి నాలికను కొరికాయి. తొట్టిలోంచి ఒక గ్లాసు నీళ్ళు పోయడం, రుచి చూడడం, ఉమ్మడం, రెండు రుచులూ ఒకటయ్యేదాకా.

"అమ్మమ్మమ్మ! చేపలు కడిగిన నీళ్ళు తాగతాండాదే!" అని మా అత్తగారు గోడకు చేరగిలబడిపోయింది.

కిటికీలోంచి ఎండ సరిగ్గా బకెట్టు మీదికి వచ్చింది. నా చేతులు ఖాళీ లేవు. "లోపల్నించి దళసరి గుడ్డ ఏదైనా పట్రండి, తొందరగా!" అన్నాను. ఆవిడ వెళ్ళాక గుర్తొచ్చింది. దండెం మీద ఏమీ లేదు, బీరువాలో నా అర ఖాళీ. నా గుడ్డలన్నీ మంచం కింద రేకుపెట్టెలో ఉన్నాయి.

లోపల పెట్టె మూత చప్పుడైంది. ఆవిడ నా పెళ్ళి పట్టుచీర తెచ్చి, నాలుగు మడతలు వేసి బకెట్టు మీద కప్పి, నా పక్కన నేల మీద కూర్చుంది.

"ఎప్పుడు పోతాండావు?"

"ఆదివారం."

"వానికి తెలుసునా?"

"ఆయనకు చేపకు రెక్కలెన్నో తెలుసు."

ట్యూబు మళ్ళీ పెట్టాను. చుక్కలు పడుతున్నాయి. వాటినే చూస్తూ ఆవిడ అంది: "నన్ను కుప్పం కాడ్నుంచి పుంగనూరికి తెచ్చినారు. ఆడ మా ఇంట్లో సగం అరవమే. అత్తింట్లో నోరు తెరిస్తే నవ్వేది అందరూ. ఒక యేడు నేను ఎవురితోనూ మాట్లాడలే. నీళ్ళూ పడలే. మా అత్త అలవాటవతాది అనె. నేనూ నీకు అదే అంటి." తర్వాత కొంగుతో నా మోచేతి ఉప్పు తుడిచింది. "ముద్ద పెద్దదైపోయిందమ్మా ఆ పొద్దు. సగమే పెట్టాల్సింది."

ఏడాదిన్నర లేటు. అయినా నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

అయిదు దాటాక చీర తీసి చూశాం. ఎగరొప్పిన నీలంది పోయింది. మిగతా నాలుగూ నిలబడి ఉన్నాయి. చిన్న గిన్నెతో ఒక్కోదాన్నీ ఎత్తి తొట్టిలో వదిలాను. తెల్లపట్టీలది ఒకటి కాసేపు రాయి వెనక దాక్కుని, మెల్లగా బయటికొచ్చి మా అత్తగారి ముక్కుపుడక వైపు చూసింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి, చప్పుడు కాకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది.

మా ఆయన గాజుగొట్టంతో సహా వచ్చారు. తొట్టి చుట్టూ తిరిగి, గొట్టం ముంచి చూసి, "చూశారా! శాస్త్రం ప్రకారం చేస్తే బతకనిదంటూ ఉండదు," అన్నారు.

"నీ శాస్త్రం అట్ల పెట్టురా," అంది వాళ్ళమ్మ. "పొయ్యి మంచం కింద ఏముండాదో సూసి రా."

ఆయన వెళ్ళారు. వంగడం వినపడింది. పెట్టె ఈడ్చిన చప్పుడు వినపడింది. తిరిగొచ్చేసరికి ముఖంలో రంగు లేదు. "ఇదెందుకు సర్దావు?" అన్నారు. ఏడాదిన్నరలో నన్ను ఆయన ఒక విషయం అడగడం అదే మొదలు.

"ముందు కూర్చోండి," అన్నాను పీట జరిపి. "కొంచెం కొంచెంగా చెప్తాను. అంతా ఒక్కసారే మీద పోస్తే తట్టుకోలేరు, పాపం."