ముల్లు గుచ్చినంత గాయం

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు నుంచి కబురొచ్చింది. ఊక ఎత్తే చిన్న లోడర్ బకెట్ సగం దాకా లేచి ఆగిపోతోందట. అప్పట్లో కోదాడలో నాకు వర్క్‌షాపు ఉండేది. అలాంటి బండ్లు బాగుచేయడమే నా పని. పొద్దున్నే మోటారు సైకిల్ మీద బయలుదేరాను.

ఆ లోడర్ నడిపే ఆయనది ఆత్మకూరు వైపు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, ఈ పనిలోకి వచ్చినవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు.

బకెట్‌ను లేపే ఆయిల్ బండి కింద పడుతోంది గానీ ఎక్కడి నుంచో తెలియడం లేదు. బకెట్ నేలకు దించి, ఇంజన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి, పైపుల్లో ఒత్తిడి పోయాకే చేయి పెట్టాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇంజన్ ఆపితే కారడమూ ఆగిపోతుంది. తొందరలో, ఇంజన్ నడుస్తుండగానే అటువైపున్న ఆయనతో అన్నాను:

"అన్నా, ఆ పైపు ఎక్కడ కారుతుందో జర చూడవా?"

ఆయన ఉత్త చేత్తో పైపు పొడవునా తడుముతూ పోయి, ఉన్నట్టుండి చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు తమ్మీ. తుమ్మముల్లు గుచ్చినట్టయింది."

ఇంజన్ ఆపి పరిగెత్తాను. ఎడమ చూపుడువేలి కొసన నల్లటి చుక్క. నెత్తురు కూడా లేదు. ఆయన వేలు ప్యాంటుకు తుడుచుకుని నవ్వాడు. నేను ఆ వేలు మళ్లీ పట్టుకుని చూశాను.

సూర్యాపేటలో నాకు పని నేర్పిన ఉస్తాదు ఒకసారి చెప్పాడు. పైపుకు సూదిమొనంత చిల్లి పడితే చాలు, ఆయిల్ కంటికి కనబడనంత సన్నగా చిమ్మి చర్మంలోకి దూరిపోతుందని. పైన ఏమీ ఉండదు, లోపల వేలు కుళ్లిపోతుందని.

"దవాఖానకు పోదాం నడు."

"గీ దానికేంది దవాఖాన? బువ్వ తిని పోదాం తియ్."

"తినొద్దన్నా. ఆపరేషన్ చెయ్యాల్సొస్తుందేమో."

అప్పుడు ఆగింది ఆయన నవ్వు.

దగ్గర్లోని డాక్టరు వేలు తిప్పి చూసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పొమ్మన్నాడు. నేను కదల్లేదు. "ముల్లు కాదు సార్, మిషన్ ఆయిల్ లోపలికి పోయింది. నా మాట నమ్మండి" అని బతిమాలాను. మేం మాట్లాడుతుండగానే వేలు తెల్లబడి, బిగుసుకుని, ఉబ్బడం మొదలైంది. డాక్టరు ముఖం మారిపోయింది. వెంటనే సూర్యాపేటలోని ఒక సర్జన్‌కు ఫోన్ చేశాడు.

మిల్లు జీపులో పోతుంటే దారి తరగలేదు. నొప్పి మోచేతి దాకా పాకింది. ఆయన చేతిని గుండెలకు హత్తుకుని అడిగాడు: "తమ్మీ, చెయ్యి తీసేస్తరా?" నేను జీపు ఇంకా తొందరగా పోనిమ్మని డ్రైవరుకు చెప్పాను.

సర్జన్ వేలిని అరచేతి దాకా నిలువునా చీరి, లోపలి ఆయిల్ శుభ్రం చేశాడు. రెండు మూడు రోజులు గడిస్తే గానీ ఏ సంగతీ చెప్పలేనన్నాడు.

సాయంత్రానికి ఆయన భార్య వచ్చింది. కట్టు చూసి నావైపు తిరిగింది.

"నడుస్తున్న బండిల చెయ్యి పెట్టుమని ఎవలన్నరు?"

డాక్టరు ముందు కంటే ఆమె ముందు ఎక్కువ భయమేసింది. "నేనే వదినా" అన్నాను.

మంచం మీంచి ఆయన అందుకున్నాడు: "తమ్మి సూడుమన్నడు. ముట్టుమనలే. ముట్టింది నేను."

ఆ మాట నిజమే. కానీ ఇంజన్ ఆపకుండా వదిలింది నేను. అదీ చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

నాలుగో రోజు పైపు మార్చడానికి మళ్లీ మిల్లుకు వెళ్లాను. బకెట్ నేల మీద ఉంది, ఇంజన్ చల్లగా ఉంది, లివర్లు మూడుసార్లు కదిపాను. అయినా పైపు మీద చేయి వేయడానికి చాలాసేపు పట్టింది.

వేలు దక్కింది గానీ కొస కణుపు మళ్లీ వంగలేదు. రెండు నెలలకు ఆయన లోడర్ ఎక్కాడు. ఆ తర్వాత ఎప్పుడు ఆ బండి బాగుచేయడానికి వెళ్లినా, తాళంచెవి నా జేబులో పడ్డాకే ఆయన్ని దగ్గరికి రానిచ్చేవాణ్ణి.