దిబ్బ మీద పండితుడు

ఆ రోజుల్లో భిలాయి మొత్తమ్మీద నాకంటే తెలుగు బాగా వచ్చినవాడు లేడని నాకొక గట్టి నమ్మకం ఉండేది. తొమ్మిదో తరగతిలో రెండేళ్ళు కూర్చుని, మూడో ఏడు కూడా వెళితే బెంచీయే లేచి నాకు నమస్కారం పెడుతుందేమోనని సిగ్గుపడి బడి మానేసినవాణ్ణి. ఆ చదివిందీ హిందీలోనే. నా తెలుగంతా క్యాంప్ 2 అనే మా పేట చర్చిలో ఆదివారం పాఠాలు బట్టీపట్టిన తెలుగు. "ఆలకించుడి", "నిశ్చయముగా" లాంటి మాటలు నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి (వాటితో కిరాణా కొట్లో పావుకిలో ఉల్లిపాయలు కూడా దొరకవు, అది వేరే సంగతి). మా వీధి కుర్రాళ్ళు అమ్మ తెలుగులో తిడితే హిందీలో జవాబు చెప్పే రకం కాబట్టి, చెట్టు లేని చోట ఆముదం చెట్టును నేనే. అందరూ నన్ను పండిత్‌జీ అని ఎగతాళి చేసేవారు. ఎగతాళిని బిరుదుగా పుచ్చుకునే తెలివితక్కువతనం నాకు పుట్టుకతోనే వచ్చింది.

అప్పుడు మా అక్క పెళ్ళయి నాలుగు నెలలు. బావ భిలాయి పక్కనే మరోదాలో పుట్టి పెరిగిన రైల్వే వాళ్ళబ్బాయి. ఆయనకు తెలుగులో "బాగున్నారా", "చాలత్తయ్యా" అనే రెండు మాటలే వచ్చు. రెండోది మా అమ్మ వడ్డించే తీరు చూసి ప్రాణరక్షణకు నేర్చుకున్నది. ఉద్యోగం కోసం మూడేళ్ళు తిరిగాక ఆయనకు ఉక్కు ప్లాంటు నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి సర్టిఫికెట్లతో హాజరు కావాలి; రాకపోతే జాబితాలో తర్వాతి వాణ్ణి పిలుస్తారు. "చేరిపోతే మళ్ళీ సెలవు దొరకదు, ఈలోగా అమ్మమ్మకు అల్లుణ్ణి చూపించి రండి" అని అమ్మ ముగ్గురినీ విశాఖ బండి ఎక్కించింది. నేను వెళ్ళింది దుబాసీగా. ఆదివారం సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. ఇంత సున్నితమైన లెక్కలో నన్నెందుకు పెట్టిందో మా అమ్మనే అడగాలి.

అమ్మమ్మది సముద్రం ఒడ్డున ఊరు. ఊరికి ఎదురుగా, నీళ్ళలో ఒక చిన్న లంక ఉంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని దిబ్బ అంటారు. మనిషి ఉండడు. నాలుగు మొగలి పొదలు, నల్లరాళ్ళు, ఇసుక, పీతలు. ఆదివారం పొద్దున అమ్మమ్మ మమ్మల్ని చర్చికి రమ్మంది. బావ మాత్రం ఫోన్లో ఏదో చదివి, "హైకింగ్ చేద్దాం, కోస్టల్ హైక్!" అన్నాడు. దిబ్బ చుట్టూ నడిస్తే అరగంట. మరోదా డ్యామ్ గట్టు మీద పొద్దున్నే ముసలాళ్ళు నడిచే నడక అంతకంటే పొడుగు. కానీ ఇంగ్లీషు పేరు పెడితే కాలికి ఇసుక అంటుకోవడం కూడా ఘనకార్యమే కదా. హైకింగుకు బూట్లు ఉండాలని ఫోను చెప్పిందట. ఆయన సోమవారం ఉద్యోగానికని కొన్న కొత్త నల్ల బూట్లు తొడిగాడు. నేను అంతకంటే తెలివైనవాణ్ణేమీ కాదు, తల మీద రుమాలు కట్టి, చేత్తో కర్ర పట్టుకుని ముందు నడిచాను.

ఒడ్డున ఒక ముసలాయన నోట్లో బీడీతో వల బాగు చేసుకుంటున్నాడు. ఒడ్డు నుంచి దిబ్బ దాకా ఇసుక తేలి ఉంది, మధ్యలో చీలమండ లోతు నీళ్ళు. నేను గొంతు సవరించుకుని, "తాతా, ఆ దిబ్బకు మేము పోవచ్చునా? మరల ఏ విధముగా రావలెను?" అన్నాను. ముసలాయన నన్నొకసారి ఎగాదిగా చూసి, "నడిసే ఎల్లండి బాబూ. మద్దేనం కాడికి పోటొచ్చెస్తది, సూసుకోండి," అన్నాడు. నేను అంతా తెలిసినట్టు తల ఊపాను.

"క్యా బోలా?" అన్నాడు బావ.

"నడిచి వెళ్ళమంటున్నాడు. మధ్యాహ్నానికి బోటు వస్తుందట, చూసుకుంటూ ఉండమన్నాడు."

అక్క ఆగింది. "బోటు కాదురా, పోటు అన్నట్టుంది."

"పోటంటే ఏటి? కత్తిపోటా?" అన్నాను నేను. "నీకు తెలీదక్కా. ఈ సముద్రపు గాలికి పెదాలు ఆరిపోయి ఇక్కడివాళ్ళకు 'బ' పలకదు. బోటును పోటు అంటారు."

"మరి 'బాబూ' అన్నాడు కదరా?"

"అది గౌరవం. కష్టపడి పలికాడు."

(ఇప్పుడు ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. అప్పుడు నోరు కూడా తడబడలేదు.) దోనె అని ఉంటే ఆదివారం పాఠాల్లో ఉంది కాబట్టి వెంటనే పట్టేసేవాణ్ణి. బోటు అన్నాడంటే ముసలాయన నాగరికుడే అనుకున్నాను. బావ నా భుజం తట్టి, "సాలే, తేరీ తెలుగు జబర్దస్త్ హై," అన్నాడు. హిందీలో బావమరిదిని పిలవడానికీ, బండబూతు తిట్టడానికీ ఒకటే మాట ఉండటంలో ఒక సౌకర్యం ఉంది. ఆ రోజు పొద్దున ఆయన దాన్ని మొదటి అర్థంలో వాడాడు.

దిబ్బ చుట్టూ అరగంటలో తిరిగేశాం. అందులో పది నిమిషాలు బావ ఒక రాయెక్కి ఫోటోలు తీయించుకోవడానికే పోయింది. మాట్లాడేవాడు లేడు, అమ్మేవాడు లేడు, గాలి తప్ప చప్పుడు లేదు. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని అలల అంచున నడుస్తూ, పెళ్ళయ్యాక మొదటిసారి గట్టిగా నవ్వింది. "ఇంక పోదామా?" అని అడిగింది కూడా. "బోటు వస్తుంటే నడవడం దేనికి? హాయిగా కూర్చో," అన్నాను. తెచ్చుకున్న అటుకులు తిని మొగలి నీడలో పడుకున్నాం.

లేచేసరికి మేము నడిచొచ్చిన ఇసుక లేదు. నేను కళ్ళు నులుముకుని వెతికాను, ఎవరో ఎత్తుకుపోయినట్టు. దాని చోట నీళ్ళు బలంగా ఒక పక్కకు పారుతున్నాయి. మాకు తెలిసిన నీళ్ళు మరోదా డ్యామ్ నీళ్ళు. వానాకాలం పెరుగుతాయి, ఎండాకాలం తగ్గుతాయి, మనిషిని కంగారు పెట్టవు. సముద్రం కూడా మా నాన్నలాగా షిఫ్టు డ్యూటీ చేస్తుందనీ, రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుందనీ మాకెవరు చెప్పారు? (ఒక ముసలాయన చెప్పాడు. బీడీ తీయకుండా, ఒక్క మాటలో.) బావ బూట్లతోనే నీళ్ళలోకి దిగి, నాలుగడుగుల్లో నడుము దాకా మునిగి, వెనక్కి పాక్కుంటూ వచ్చాడు. ఆయనకు ఈత రాదు. అక్కకూ రాదు. నాకు వచ్చని అందరికీ చెప్పి ఉన్నాను, అంతే.

"ఇప్పుడు చెప్పు, ఏటి వస్తాదన్నావు?" అంది అక్క.

"బోటే. ఆలస్యమై ఉంటుంది."

ఒంటిగంట అయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. ఒడ్డున జనం చీమల్లా కనిపిస్తున్నారు. ముగ్గురం రాయెక్కి చేతులూపాం. వాళ్ళు కూడా సంతోషంగా చేతులూపారు. నేను తల రుమాలు విప్పి ఊపితే, అక్కడ ఎవరో తువ్వాలు ఊపారు. మర్యాదస్తులు. రెండయింది. బావ బూట్లలో నీళ్ళు వంచుతూ, "తీన్ సాల్," అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదు. మూడేళ్ళు. తర్వాత నా వైపు తిరిగి "సాలే" అన్నాడు. అది రెండో అర్థం. అక్క ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది, నన్ను చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది, నీళ్ళను చూసి కాదు.

మూడు దాటాక నీళ్ళ మీద ఏదో నల్లగా ఊగుతూ వచ్చింది. నేను గంతేసి, "చూశారా! వచ్చిందా లేదా బోటు?" అని అరిచాను. సిగ్గనేది ఒక్కొక్కరికి ఆలస్యంగా మొలుస్తుంది. దగ్గరికొచ్చాక చూస్తే దుంగలు కలిపి కట్టిన తెప్ప, దాని మీద పొద్దుటి ముసలాయన, వెనక ఆదివారం తెల్లచీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని మా అమ్మమ్మ.

"బోటు తెచ్చావా తాతా!" అన్నాను.

"బోటేటి బాబూ? ఇది తెప్ప. పోటొస్తదని పొద్దుటే సెప్పినాను గదా. ఆటుకు ఎల్లాల, పోటుకు ముందే తిరిగొచ్చీయాల. నువ్వు తల ఊపినావు గదేటి!"

"ఆడు తలే ఊపుతాడు," అంది అమ్మమ్మ. "అందులో ఏటుందో ఆ దేవుడికే తెల్దు. ఎక్కండి, బండికి ఏలవుతంది."

తెప్ప మీద మేము తడవని చోటు లేదు. అమ్మమ్మ వండిన చేపల పులుసు గిన్నెతో సహా ఆటోలో పడి, స్టేషన్లో కదులుతున్న బండి చివరి పెట్టె పట్టుకున్నాం. సోమవారం తొమ్మిదింటికి బావ ప్లాంటులో నిలబడ్డాడు, నల్ల బూట్ల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి, నడిస్తే లోపల ఇసుక కరకరమంటూ. కాగితాలు చూసే ఆయన బూట్లు చూసి, "ఈదుకుంటూ వచ్చావా?" అన్నాడట. ఉద్యోగం మాత్రం ఇచ్చాడు. బావ ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. వాళ్ళింట్లో ఎవరైనా చెప్పిన టైముకు రాకపోతే, చిన్నపిల్లతో సహా మిగతావాళ్ళు, "పోటొస్తది, సూసుకోండి," అంటారు. అందరూ నా వైపు తిరుగుతారు.

ఆ కర్ర పట్టుకున్న కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. వాడికి తెలియనిది ప్రపంచంలో ఒక్కటీ లేదు. నాకేమో ఏడాదికేడాది తెలిసింది తగ్గిపోతోంది. మొన్న అక్క ఇంట్లో భోజనం చేస్తూ, ఇన్నేళ్ళు చెప్పకుండా దాటేసిన మాట ఎలాగో బయటికి తెచ్చాను. "ఆ రోజు నువ్వు చెప్పినప్పుడు వినాల్సిందక్కా."

అక్క గరిటె ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"వినాల్సిందన్నావా, తినాల్సిందన్నావా? నీ నోట ఆ మాట కొత్త గదరా, సరిగ్గా పలికినట్టు లేదు. ఏటి, సముద్రపు గాలి గానీ కొట్టిందా?"