నల్లబడ్డ ఈసీజీ

కాగితం కనిపిస్తే లామినేషన్ చేయించడం నా జబ్బు. ఆధార్, రేషన్ కార్డు, ఆఖరికి మా పెళ్లి శుభలేఖ కూడా మా ఇంట్లో ప్లాస్టిక్ చొక్కా తొడుక్కునే ఉంటుంది. గుండెజబ్బు మాత్రం నా సొంతం కాదు, ఫౌజులో వచ్చింది.

మంచుకొండల మీద డ్యూటీలో ఉండగా ఛాతీ పట్టేసింది. మిలిటరీ దవాఖానాలో ఈసీజీ తీసి, చీటీ నా చేతికిచ్చారు. రిటైరయ్యాక వైకల్య పింఛనుకు పెట్టుకుంటే, ఆ జబ్బు సర్వీసులో వచ్చింది కాదన్నారు. అప్పీలు చేశాను. అసలు కాగితాలు తీసుకుని మెడికల్ బోర్డు ముందుకు రమ్మన్నారు. నాకున్న సాక్షి ఆ ఈసీజీయే.

సాక్షి నలగకూడదని కొత్తగూడెం బస్టాండు దగ్గరి జిరాక్సు దుకాణానికి తీసుకుపోయాను. లామినేషన్ మిషన్ దాన్ని అటు మింగి ఇటు కక్కింది. చీటీ మొత్తం బొగ్గులా నల్లగా వచ్చింది. గీత లేదు, తేదీ లేదు. ఆ రకం కాగితానికి వేడి పడదని అప్పటిదాకా నాకు తెలియదు.

"సార్, ఇది ముందే గిట్ల ఉండెనా?" అన్నాడు దుకాణమాయన.

ఒళ్లంతా చెమట. చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది. ఆయన ఫోను చేస్తే పాల్వంచ నుంచి మా ఆవిడ ఆటోలో వచ్చి, నన్ను దవాఖానాకు పట్టుకుపోయింది. అక్కడ మళ్లీ ఈసీజీ. భయమే తప్ప కొత్త జబ్బేం లేదన్నారు. చీటీ అందుకోబోతే ఆమె లాక్కుంది.

"నువ్వు ముట్టకయ్యా! ముందు ఫోటో తియ్యనియ్యి."

"అది ఇయ్యాల్టి గుండెది. అప్పటి నొప్పికి అదేం సాక్ష్యం చెప్తది?"

ఆమె ఫోటో తీసి, చీటీని తన సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి ఫైలంతా మంచం మీద పరిచాం. నా కంట పడక లామినేషన్ తప్పించుకున్న మిలిటరీ దవాఖానా డిశ్చార్జి కాగితం దొరికింది. ఈసీజీలో తేడా ఉందని ఆనాటి డాక్టరు పెన్నుతో రాసి సంతకం పెట్టాడు. బోర్డు రోజు దాకా ఆమె దాన్ని తన చీరల మడతల్లోనే దాచింది.

బోర్డు డాక్టరు నల్ల అట్టను లైటుకు పట్టి, ఇదేంటన్నాడు.

"నా గుండె, సాబ్."

ఎవరూ నవ్వలేదు. డిశ్చార్జి కాగితం రెండుసార్లు చదివి, ఏదో రాసుకుని, ఇక వెళ్లమన్నాడు.

జవాబు ఇంకా రాలేదు. వీధిలో పోస్టాయన బండి చప్పుడైతే చాలు, చెయ్యి ఛాతీ మీదికి పోతుంది. కవరు వస్తే ముందు ఫోటో తీసేది ఆమే. చదివేదెవరో మాత్రం మాకింకా తేలలేదు.