నూలు తెలియని కంప్యూటరు

అద్దం ఫ్రేములో సరిగ్గా కూర్చుంటే చప్పుడు చేయదు. కూర్చోకపోతే గోరుతో పలక మీద గీసినట్టు కిర్రుమంటుంది. ఈ సాయంత్రం షాపులో ఆ చప్పుడు వినగానే అద్దం వెనక్కి తీసేశాను. చూస్తే మూలలో చిన్న చెక్కపొట్టు, ఊదితే పోయింది. నాలుగేళ్ల కిందట, షాపు తెరిచిన కొత్తలో, ఒక శుక్రవారం ఉదయం మొదటిసారి విన్నప్పుడు మాత్రం అది ఊదితే పోయేది కాదు. ఒక ఫ్రేము బిగించి అద్దం పెట్టబోయాను. కిర్రుమంది. తిప్పి పెట్టాను. మళ్లీ కిర్రుమంది. పక్కన ఇంకా పదకొండు ఫ్రేములకు కోసిన చెక్కలు పేర్చి ఉన్నాయి, అన్నీ అదే కొలతకు. పిల్లలు పడుకున్నారు కాబట్టి ఆ శుక్రవారాన్ని, దాన్ని గట్టెక్కించిన నూకరాజు మావయ్యనూ తలుచుకుంటూ రాస్తున్నాను.

మావయ్య నాకు బంధువు కాడు. మేము అద్దెకున్న వీధి చివర, ఫిషింగ్ హార్బరుకు వెళ్లే దారిలో, ముప్పై ఏళ్లు పటాలు కట్టాడు. సత్యనారాయణస్వామిని కట్టాడు, ఏసుప్రభువును కట్టాడు, సముద్రం మీద వేటకు వెళ్లి తిరిగిరాని వాళ్లను కట్టాడు. వేటకెళ్లే ఇంట్లో పుట్టి రంపమెందుకు పట్టావని అడిగితే నవ్వేవాడు. "మా నాయిన నన్ను పడవెక్కించీవోడు. ఎక్కగానే వాంతులు. నాను సేపల్ని పట్టింది నేదు తల్లీ, ఆటికి మేతేసినాను." మోకాళ్లు మొరాయించి ఆయన దుకాణం మూసిన ఏడాదే, నేను స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం మానేసి మా ఇంటి ముందు గదిలో ఫ్రేముల షాపు పెడతానన్నాను. పోర్టులో పనిచేసే మా ఆయన వద్దనలేదు కానీ, రెండు రోజులు ప్రతి మాటకూ ముందు నిట్టూర్చాడు. మావయ్య మాత్రం, "ఏటేటి కొంతావో కాయితం మీద రాసి అట్టుకురా" అన్నాడు.

నా జాబితా చూసి సగం కొట్టేశాడు. కరెంటు రంపం వద్దు, కాలితో తొక్కే కోత మిషను చాలన్నాడు. డాబాగార్డెన్స్‌లో మిషన్లమ్మే షాపుకు తీసుకెళ్లి, ఒక్కో మిషను మీద నాలుగు చిన్న ముక్కలు కోయించి, చతురస్రంగా పేర్చి, ట్యూబులైటుకేసి ఎత్తి చూశాడు. "మూలలో ఎలుతురు అగుపడితే అది పటం కాదమ్మా, కిటికీ!" మూడు కిటికీల తర్వాత నాలుగో మిషనుకు వెలుగు రాలేదు. నాకు మిషను మూలల కంటే దాని కత్తి మీదే కళ్లు. ఐదేళ్ల పిల్ల, ఏడేళ్ల పిల్లాడు ఉన్న తల్లికి ఆ కత్తి కింద ఎప్పుడూ చిట్టి వేళ్లే కనిపిస్తాయి. నేను అడగకుండానే తొక్కుడు పలకకు గొలుసు వేయించి, తాళం నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు నిద్దరోతావా?" అన్నాడు.

మేకుల దగ్గర ఇంకా విచిత్రం. మెరిసిపోతున్న డబ్బా ఒకటి నాకు నచ్చింది. ఆయన మూడు రకాల మేకులూ తలా నాలుగు కొనిపించి, మా డాబా మీద సముద్రం వైపు గోడపై పది రోజులు పెట్టించాడు. పదో రోజుకు ఆ మెరిసేవి తుప్పుపట్టి తడిసిన టీపొడి రంగుకు తిరిగాయి. "మన ఊరి గాలికి ఇస్త్రీ బట్టలు పనికిరావు" అని తేల్చేశాడు.

ఇక సాఫ్ట్‌వేరు. ఫోటో కొలత కొడితే ఏ చెక్క ఎంత కోయాలో, అద్దం ఎంతో, అంతా అదే చెబుతుందని హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు సీడీ పట్టుకుని వచ్చాడు. టై కట్టుకున్నాడు. మావయ్య స్టూలు మీద కూర్చుని అంతా చూసి, ఒకే ఒక్క మాట అడిగాడు.

"బాబూ, దీనికి నూలు తెలుసా?"

కుర్రాడు టై సర్దుకున్నాడు. "నూలు బట్టలకు వేరే సాఫ్ట్‌వేర్ ఉందండీ. అది కూడా మా దగ్గర దొరుకుతుంది."

నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. పనివాళ్ల టేపులో అంగుళానికి ఎనిమిది నూళ్లని నాకు తెలుసు. కానీ కంప్యూటరు ముందు ఆ మాట మా ఇంటి పాత చెప్పుల్లా అనిపించింది. "మావయ్యా, అన్నీ అందులోనే ఉంటాయి, ఊరుకోండి" అన్నాను. సీడీ కొనేశాను.

మొదటి పెద్ద ఆర్డరు మా చర్చిది. సంఘానికి సేవ చేసిన పన్నెండుమంది పాత కాపరుల, అంటే పాస్టర్ల, ఫోటోలు; ఆదివారం ఆరాధనలో ఆవిష్కరణ. బాగుంటే ఇంటికొక పెళ్లిఫోటో నా షాపుకు వస్తుంది. చెడితే సంఘమంతా చూస్తుంది, నేను మళ్లీ స్కూలు గేటు దగ్గర నిలబడి ఉద్యోగం అడగాలి. ఫోటోలు కొలిచింది మావయ్యే. అలవాటుగా చీటీ మీద 11.6, 17.6 అని రాసిచ్చాడు. నేను దాన్ని అలాగే కంప్యూటరులో కొట్టాను. అది చెప్పిన లెక్క ప్రకారం, విజయవాడ నుంచి తెప్పించిన చెక్కంతా కోసేశాను. ఒక్క అడుగు కూడా మిగల్లేదు. అద్దాలు మాత్రం మావయ్య చీటీ చూసి అద్దాల షాపువాడే కోసిచ్చాడు.

ఆ శుక్రవారం మావయ్య కబురందుకుని కుంటుకుంటూ వచ్చాడు. నేను ఏడుపు ఆపుకుంటున్నాను. ఆయన ఫ్రేము వైపు చూడనైనా చూడకుండా, ఎదురు హోటలు వైపు రెండు వేళ్లు చూపించి టీ తెప్పించాడు. "ముందు తాగు. సెయ్యొణుకుతుంటే టేపు కూడా అబద్దమాడుద్ది." గ్లాసు ఖాళీ అయ్యాకే చీటీ అడిగాడు, స్క్రీను చూపించమన్నాడు. చీటీ మీదున్నదీ స్క్రీను మీదున్నదీ ఒకటే. అప్పుడు వెలిగింది నాకు. ఆయన చుక్క పక్కన ఆరంటే ఆరు నూళ్లు, అంటే ముప్పావు అంగుళం. కంప్యూటరుకు అది పదింట ఆరు వంతులు. నిలువూ అడ్డమూ నూలు పైచిలుకు తగ్గిపోయాయి. దశాంశాలు ఐదేళ్లు బోర్డు మీద రాసి పిల్లల చెవులు మెలిపెట్టిన టీచరును నేను.

"మీరు ఆ రోజు అడిగారు మావయ్యా. నేనే నోరు మూయించాను."

"సుక్కెట్టింది నాను గదా. సగం నాది. ఏడుపు కూడా సగం నాకిచ్చీ."

"అద్దం కొంచెం తగ్గించేద్దామా?"

"నూలంత పీలిక తెగదు, పగిలిపోద్ది. అయినా ఫోటోకి అంచెక్కడుందీ, పాస్టరుగారి సెవులు కోసేత్తావా?"

ఏడుస్తూనే నవ్వేశాను. ఆయన సంచిలోంచి అరచేతంత చిత్రిక తీశాడు. అద్దం కూర్చునే గాడిని లోపలి నుంచి రెండు వైపులా ముప్పాతిక నూలు వెడల్పు చేస్తే చాలు, పైనుంచి ఎవరికీ తెలియదు. మొదటి ముక్క ఆయన చేశాడు. రెండోది నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు. "తొయ్యకు, నడిపించు. అదే ఎల్తాది." నలభై నాలుగు ముక్కలు. బిగించేసిన ఫ్రేముకు ఉలి పట్టాడు. సాయంత్రం స్కూలు నుంచి పిల్లలొచ్చేసరికి ఇద్దరం పొట్టులో మునిగి ఉన్నాం. ఆఖరి అద్దం చప్పుడు చేయకుండా కూర్చుంది. ఆదివారం పన్నెండుమంది కాపరులూ గోడ మీద చెవులతో సహా మెరిశారు. మరుసటి వారం ఐదు పెళ్లిఫోటోలు వచ్చాయి.

మావయ్య పోయి ఏడాదైంది. నా ఆర్డరు పుస్తకంలో ఇప్పుడు అంగుళాలకు ఒక గడి, నూళ్లకు ఒక గడి. చుక్క పెట్టడం మా షాపులో నిషేధం. మూలలు ఇప్పటికీ ట్యూబులైటుకేసి చూస్తాను. భయపడే గుణం మాత్రం పోలేదు. పిల్లల జ్వరానికీ పరీక్షకూ ముందు నేనే వణుకుతాను. కానీ ఎవరైనా తప్పు చేసి నా ఎదుట నిలబడితే, ముందు స్టూలు జరుపుతాను.

ఆ శుక్రవారానికి మర్నాడు, శనివారం ఉదయం పిల్లలకు ఇడ్లీ పెడుతున్నప్పుడు, ఇల్లంతా పొట్టెందుకని పెద్దాడు అడిగాడు. అమ్మ తప్పు చేసిందని వాళ్లకు నేనెప్పుడూ చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పాను. "అమ్మ లెక్క తప్పింది. పన్నెండూ తప్పు కోసేసింది."

ఇద్దరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. చిన్నది మెల్లగా అడిగింది. "నూకరాజు తాత కొట్టాడా?"

"లేదమ్మా" అన్నాను. "కూర్చోబెట్టి టీ తాగించాడు. తర్వాత గాడి తీయడం నేర్పాడు."